మొదటి మూడు చక్రాల బండి: తీసుకునే ముందు చూడవలసినవి

కాళ్లు సహకరించని మనిషికి మొదటి మూడు చక్రాల బండి వచ్చిన రోజు ఆ ఇంట్లో పండుగే. అంతవరకు ఎవరో ఒకరు ఎత్తుకుంటేనో, ఆటో మాట్లాడితేనో తప్ప గడప దాటని మనిషి, తన చేతులతో తానే బజారుకు వెళ్లి వస్తాడు. అయితే అదే బండి ఆరు నెలలు తిరగకుండా గొడ్ల సావిట్లో ఓ మూలకు చేరడం, లేదా దాని మీద కూర్చున్న మనిషి పిరుదుల మీద పుండుతో మంచం పట్టడం కూడా మనం చూస్తూనే ఉన్నాం. చాలాసార్లు కారణం ఒక్కటే. ఆ మనిషికి ఆ బండి సరిపోలేదు. చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూసుకునే మనం, రోజుకు నాలుగైదు గంటలు కూర్చోవలసిన బండిని మాత్రం కొలత చూడకుండా ఇంటికి తెచ్చుకుంటాం.

ఈ నెల ఆ కొలతల గురించి, ఎంపిక గురించి తెలుసుకుందాం.

ఈ బండికి ఉన్న చరిత్ర

కూర్చుని చేతులతో తిప్పే బండి కొత్తది కాదు. జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రాంతంలో స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాలు తయారుచేసే ఆయన ఉండేవాడు. ఆయన నడవలేడు. తన కోసం 1655లో చేతులతో తిప్పుకునే మూడు చక్రాల కుర్చీని తానే చేసుకున్నాడు. మనం తొక్కే మామూలు సైకిల్ రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లు పట్టింది.

విదేశాలలో వెనక్కి ఆనుకుని, కాళ్లు ముందుకు చాచి తొక్కే సైకిళ్లు కూడా ఉన్నాయి. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే సైక్లిస్టు అలాంటి సైకిల్ మీద ఒక గంటలో 45 కిలోమీటర్లకు పైగా వెళ్లాడు. అది మామూలు సైకిల్ మీద అప్పటివరకు ఉన్న రికార్డును మించిపోయింది. మరుసటి సంవత్సరమే అంతర్జాతీయ సైకిల్ సంఘం అలాంటి సైకిళ్లను పోటీల నుండి తప్పించింది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవారి చేత ఫిజియోథెరపీలో తొక్కించే, వెనుక ఆనుడు ఉన్న కదలని సైకిల్ కూడా ఈ కుటుంబానిదే. చేతి సైకిల్ పందేలు 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో మొదటిసారి చేరాయి.

మన దేశంలో కాన్పూరులోని అలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ 1972లో ఏర్పడింది. వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 1981లో మొదలైంది. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు పల్లెల్లో మనం చూసే చేతి బండ్లు చాలావరకు ఇలాంటి పథకాల ద్వారా వచ్చినవే. వాటిని నడిపేవారిలో చిన్నతనంలో పోలియో సోకినవారు ఎక్కువ. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఇప్పుడు కొత్తగా బండి అవసరమయ్యేవారిలో చెట్టు మీద నుండి, లోడు లారీ మీద నుండి పడి వెన్నుపాము దెబ్బతిన్నవారు, రోడ్డు ప్రమాదాల వారు, షుగరు వల్ల కాలు తీసేసినవారు ఉంటున్నారు. వీరి అవసరాలు పోలియో వచ్చినవారి అవసరాలకు భిన్నం.

ఎవరికి తగును, ఎవరికి తగదు

చేతి బండికి మూడు కావాలి: చేతుల్లో బలం, కూర్చుంటే పక్కకు ఒరగని నడుము, మంచం మీద నుండి బండిలోకి మారగల వీలు. మూడోది లేకపోతే ప్రతిసారీ ఎత్తి కూర్చోబెట్టే మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లో ఉంటాడా అన్నది ముందే ఆలోచించండి.

ఈ బండి వీధికి. ఇంట్లోకి, స్నానాల గదిలోకి పోదు. ఇంట్లో తిరగడానికి చక్రాల కుర్చీ వేరుగా కావాలి. ఒక్కటే తీసుకునే పరిస్థితి అయితే, "మీ రోజు ఎక్కడ గడుస్తుంది?" అని అడగాలి. పొలం గట్టు దగ్గరికి, కొట్టుకు, బడికి, చర్చికి వెళ్లేవారికి మూడు చక్రాల బండి. ఇంటి దగ్గరే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే అమ్మకు చక్రాల కుర్చీయే ఎక్కువ ఉపయోగం.

దూరం వెళ్లేటప్పుడు చక్రం అంచును చేత్తో నెట్టడం కంటే చేతి పెడల్ తిప్పడం శరీరానికి తేలిక. ఆయాసం తక్కువ, భుజాల మీద భారం తక్కువ.

కొలతలు: టేపుతో ఐదు నిమిషాల పని

గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి కొలవండి.

సీటు వెడల్పు: తుంటి వెడల్పు కొలిచి, రెండు వైపులా ఒక్కొక్క వేలు దూరేంత చోటు కలపండి. మరీ బిగుతైతే తుంటి ఒరుసుకుంటుంది. మరీ వదులైతే మనిషి ఒక పక్కకు ఒరిగి, ఏళ్లు గడిచేకొద్దీ వెన్ను వంకర పోతుంది.

సీటు లోతు: పిరుదుల వెనుక నుండి మోకాలి మడత వరకు కొలిచి, అందులో రెండు మూడు వేళ్ల మందం తగ్గించండి. సీటు అంచు మోకాలి మడతను నొక్కకూడదు.

కాళ్ల పీట: తొడలు రెండూ సీటుకు పూర్తిగా ఆనాలి. పీట ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తే బరువంతా పిరుదు ఎముకల మీద పడుతుంది. పుండు మొదలయ్యేది అక్కడే.

చేతి పెడల్: పెడల్ అన్నిటికంటే దూరంగా ఉన్నప్పుడు కూడా మోచేయి కొంచెం వంగి ఉండాలి. చేయి భుజం కంటే పైకి లేవకూడదు. దగ్గరకు వచ్చినప్పుడు పెడల్ తొడకు, పొట్టకు తగలకూడదు.

ఏ చేయి: ఒక చేత్తో పెడల్ తిప్పి, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టే బండ్లు కుడి చేతివి, ఎడమ చేతివి వేరువేరుగా వస్తాయి. బలమున్న చేయి ఏదో చెప్పి అడగండి. పక్షవాతం వచ్చినవారికి ఇది మరీ ముఖ్యం. పెడల్ తిప్పే చేతిలో బలం ఒక్కటే చాలదు. హ్యాండిల్ పట్టే రెండో చేతికి కూడా పట్టు ఉండాలి.

పిల్లలకు: ఎదుగుతారు కదా అని పెద్ద బండి తీసుకోకండి. పెద్ద బండిలో పిల్ల జారి కూర్చుంటుంది, చేయి అందక భుజం లాగుతుంది. కేంద్ర పథకంలో పెద్దలకు మూడేళ్లకోసారి, 12 ఏళ్ల లోపు పిల్లలకు ఏడాదికోసారి ఉపకరణం కోరే వీలు పెట్టింది అందుకే.

సీటు మీద దిండు: ప్రాణానికి సంబంధించిన విషయం

వెన్నుపాము దెబ్బతిన్నవారికి, పుట్టుకతో వెన్నులో లోపం ఉన్నవారికి పిరుదుల్లో స్పర్శ ఉండదు. మనకైతే ఒకే చోట కూర్చుంటే తిమ్మిరెక్కి తెలియకుండానే కదులుతాం. వారికి ఆ కబురు అందదు. ఎముకకూ సీటుకూ మధ్య నలిగిన చోట రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. పైన రూపాయి బిళ్లంత పుండు కనిపిస్తే, లోపల పిడికిలంత గుంత ఉండవచ్చు. అది ఎముకకు పాకినా, చీము రక్తంలో కలిసినా ప్రాణం పోతుంది.

కాబట్టి రెక్సిన్ తొడిగిన చెక్క మీద కూర్చోవద్దు. గట్టి ఫోమ్ దిండు, సుమారు నాలుగు అంగుళాల మందం ఉన్నది వేయండి. మనిషిని కూర్చోబెట్టి, దిండు కింద చేయి పెట్టి చూడండి. పిరుదు ఎముక మీ వేళ్లకు గట్టిగా తగిలితే ఆ దిండు చాలదు. ఫోమ్ అణగారిపోతే మార్చాలి.

ప్రతి 20 నిమిషాలకోసారి బండి ఆపి, బ్రేకు వేసి, ముందుకు వంగండి లేదా ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు ఒరగండి. ఒక్కోసారి రెండు నిమిషాలు. ఉదయం, రాత్రి అద్దం పెట్టి పిరుదులు చూసుకోండి లేదా ఇంట్లోవారిని చూడమనండి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనబడదు. ఆ చోటు చుట్టుపక్కల కంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉందా చూడాలి. బండి దిగిన అరగంటకు కూడా ఆ మచ్చ పోకపోతే, అది పోయేవరకు ఆ చోటు మీద కూర్చోవద్దు. ఆసుపత్రికి రండి.

పల్నాడు ఎండల్లో మరో ప్రమాదం ఉంది. మే నెలలో ఎండలో నిలిపిన బండి నల్ల రెక్సిన్, ఇనుప గొట్టాలు కాలిపోతుంటాయి. స్పర్శ లేని చర్మం బొబ్బలెక్కినా తెలియదు. నీడలో నిలపండి. ఎక్కే ముందు స్పర్శ ఉన్న చేత్తో తాకి చూడండి. కుష్టు వల్ల అరచేతుల్లో స్పర్శ పోయినవారు పెడల్ పిడికి మెత్తని గుడ్డ మందంగా చుట్టి, ఇంటికి రాగానే అరచేతులు చూసుకోవాలి.

మూత్రానికి ఇబ్బంది అని నీళ్లు తాగడం మానేసేవారున్నారు. దానివల్ల మూత్రంలో చీము, రాళ్లు వస్తాయి. నీళ్ల సీసా పెట్టుకునే చోటు బండికి ఉండేలా చూడండి. మూత్రపు సంచి ఉంటే అది పొత్తికడుపు కంటే కిందికే వేలాడాలి.

చక్రాలు, చైను, బ్రేకు

మామూలు సైకిల్ టైరు, ట్యూబు, చైను, బేరింగు సరిపోయే బండినే ఎంచుకోండి. జూలకల్లులోనో, కోనంకిలోనో పంక్చరు పడితే అక్కడి సైకిల్ షాపులోనే బాగవ్వాలి. ఎంత ఖరీదైన బండి అయినా, ఒక్క సామాను కోసం హైదరాబాదు వెళ్లవలసి వస్తే నెలల తరబడి మూలన ఉంటుంది.

నల్లరేగడి నేలకు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు దూరేంత సందు ఉండాలి. లేకపోతే వానాకాలం బంక మట్టి పట్టి చక్రం తిరగదు. చైనుకు మూత ఉండాలి. చీర కొంగు, చున్నీ, లుంగీ అందులో చిక్కుకుంటే మనిషి బండితో పాటు పడతాడు.

బ్రేకు వేసి నిలబెట్టే లాకు తప్పనిసరి. మనిషి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బండి వెనక్కి జారడం వల్లనే ఎక్కువగా పడతారు. ఏటవాలు మీద నిలిపి, లాకు వేసి, చేత్తో తోసి పరీక్షించండి. కదిలితే తీసుకోవద్దు. పాదాలు జారకుండా పట్టీ ఉండాలి, బూట్లు వేసుకోవాలి.

మూడు చక్రాలు ఉన్నాయి కాబట్టి పడదు అనుకోవద్దు. వేగంగా మలుపు తిప్పితే పక్కకు బోల్తా పడుతుంది. పల్లంలోకి దిగేముందే వేగం తగ్గించాలి. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద సున్నం, సిమెంటు లారీలు రాత్రింబగళ్లు తిరుగుతుంటాయి. బండి ఎత్తు తక్కువ. లారీలో కూర్చున్నవారికి అది కనబడకపోవచ్చు. వెనుక ఎర్రగా మెరిసే స్టిక్కర్లు, ఒక కర్రకు ఎత్తుగా కట్టిన ఎర్ర జెండా, ఎదురుగా అద్దం ఉండాలి. చీకటి పడ్డాక లైటు లేకుండా రోడ్డెక్కవద్దు.

బ్యాటరీ బండి తీసుకోవచ్చా?

భుజాల నొప్పి ఉన్నవారు, దూరం వెళ్లి పని చేసుకునేవారు తీసుకోవచ్చు. చిన్నతనంలో పోలియో వచ్చి ఇప్పుడు నలభై, యాభై దాటినవారికి ఒక మాట. ఇన్నేళ్లు మోసిన చేతులు ఈ వయసులో కొత్తగా బలహీనపడవచ్చు. దీనిని పోలియో అనంతర బలహీనత అంటారు. అలాంటి చేతులను వ్యాయామం పేరుతో ఇంకా శ్రమ పెట్టకూడదు. వీరికి బ్యాటరీ బండి మేలు.

చేతులు బాగున్న యువకులకు మాత్రం చేతి బండే మంచిది. గుండెకు, ఊపిరితిత్తులకు అదే వ్యాయామం. బ్యాటరీ బండి బరువు ఎక్కువ. దారిలో చార్జింగు అయిపోతే తోసేవారు కావాలి. బ్యాటరీ కొన్నేళ్లకు మార్చాలి, ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

ప్రభుత్వ సాయం

కేంద్ర పథకంలో చేతి బండికి కనీసం 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉండాలి. బ్యాటరీ బండికి 80 శాతం, 16 ఏళ్లు నిండాలి. ధ్రువపత్రం, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫోటోలు సిద్ధంగా ఉంచుకోండి. వికలాంగుల హక్కుల కోసం 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు ఏడే ఉండేవి. కాబట్టి ఒకప్పుడు కాదన్నారని ఊరుకోకండి. నియమాలు మారుతుంటాయి, దరఖాస్తు చేసే రోజున మళ్లీ అడగండి. 2022 ఏప్రిల్ నుండి మన జిల్లా కేంద్రం నరసరావుపేట. గుంటూరు దాకా వెళ్లే పని లేదు.

శిబిరంలో బండి ఇస్తుంటే, ఉచితంగా ఇచ్చేది కదా అని మొహమాటపడకండి. అక్కడే కూర్చుని చూడండి. చేయి అందకపోతే, సీటు సరిపోకపోతే మర్యాదగా చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చక్రాల కుర్చీల గురించి ఇచ్చిన సూచనల్లో ఎనిమిది మెట్లు ఉన్నాయి. బండి ఇవ్వడంతో పని అయిపోదు. మనిషికి అమర్చడం, నేర్పడం, తర్వాత మళ్లీ చూడడం కూడా అందులో ఉన్నాయి. అమర్చమని అడగడం మీ హక్కు.

మొదటి నెల

మొదటి వారం అరగంటకు మించి కూర్చోవద్దు. దిగగానే చర్మం చూసుకోండి. మచ్చ లేకపోతే రెండో వారం గంట, తర్వాత కొంచెం కొంచెంగా పెంచండి. భుజం రాత్రిపూట నొప్పి పెడితే పెడల్ ఎత్తు మార్చాలని అర్థం. వారానికోసారి గాలి, బ్రేకు, నట్లు చూసి, చైనుకు నూనె వేయండి.

ఇంట్లోవారికి, సంఘంలోని వారికి ఒక మనవి. బండి వచ్చినా గడప దగ్గర మెట్లు ఉంటే మనిషి ఆగిపోతాడు. ఒక అడుగు ఎత్తు గడపకు పన్నెండు అడుగుల పొడవు వాలు కట్టాలి. అంతకంటే నిటారుగా ఉంటే చేతులతో ఎక్కలేరు. ఇంటి ముందు, బడి ముందు, చర్చి ముందు అలాంటి వాలు కట్టించడానికి కొంచెం కంకర, సిమెంటు, ఒక రోజు మేస్త్రీ పని చాలు. సున్నానికి, సిమెంటుకు పేరుపడిన మన పిడుగురాళ్లలో అది పెద్ద కష్టం కాదు.

బండి తీసుకునే ముందు ఒకసారి ఆసుపత్రి ఫిజియోథెరపీ గదికి వచ్చి కొలతలు తీయించుకోండి. ఇప్పటికే బండి ఉన్నవారు దాని మీదే రండి. సీటు, పెడల్ మీ ఒంటికి తగినట్టు ఉన్నాయో లేదో కలిసి చూద్దాం.