పాత కారు బ్రేకుకు ఏ పిస్టన్ మేలు?
తుప్పు పట్టినదానితో ఘాట్ ప్రయాణం ప్రమాదకరం

మారుతి 800 తయారీ 2014లోనే నిలిచిపోయింది. అయినా ఆ కారు, దాని తరానికి చెందిన మరికొన్ని కార్లు మన రహదారులపై నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. ఇంజిన్‌పై చూపే శ్రద్ధను వీటి యజమానులు బ్రేకులపై చూపడం అరుదు. ముందు చక్రాల డిస్క్ బ్రేకుల్లో కాలిపర్ లోపల ఉండే పిస్టన్‌ను పరిశీలించేవారు మరీ అరుదు. దానిని మార్చవలసి వచ్చినప్పుడు ఏ పదార్థంతో చేసినది ఎంచుకోవాలన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

పనితీరు ఇలా..
పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ పీడనం పిస్టన్‌ను ముందుకు నెడుతుంది. అది ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. పెడల్ వదిలితే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు పూర్వస్థితికి వస్తూ దానిని కొద్దిగా వెనక్కి లాగుతుంది. తుప్పుతో పిస్టన్‌పై గుంటలు పడితే సీలు దెబ్బతిని ఆయిల్ కారుతుంది. లేదా పిస్టన్ బిగుసుకుపోయి ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. కారు ఒక పక్కకు లాగడం, ఒక చక్రం మాత్రమే అధికంగా వేడెక్కడం, ప్యాడ్లు అసమానంగా అరగడం ఇందుకు సంకేతాలు.

ఏది ఎలాంటిది?
* క్రోమ్ పూత ఉక్కు: దృఢమైనది. పూత లేచిపోతే తుప్పు త్వరగా వ్యాపిస్తుంది.
* స్టెయిన్‌లెస్ స్టీల్: తుప్పును బాగా తట్టుకుంటుంది. సాధారణ ఉక్కు కంటే వేడిని తక్కువగా ప్రసరింపజేస్తుంది. ధర ఎక్కువ.
* అల్యూమినియం: తేలికైనది. అయితే ప్యాడ్ల వేడిని వేగంగా ఆయిల్‌కు చేరవేస్తుంది. పైపూత గీసుకుపోతే క్షయం మొదలవుతుంది.
* ఫినాలిక్: ఒక రకం గట్టి ప్లాస్టిక్. తుప్పు పట్టదు, వేడిని ఆయిల్‌కు అంతగా చేరనివ్వదు. కాలక్రమంలో అంచులు పగలడం, ఉబ్బి బిగుసుకుపోవడం దీని లోపాలు.

ఘాట్‌లో జాగ్రత్త
బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరితే ఆ కనీస పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. తిరుమల, అరకు ఘాట్‌లలో దిగువకు వస్తూ అదేపనిగా బ్రేకు తొక్కితే ఆయిల్ మరిగి బుడగలు ఏర్పడే ప్రమాదముంది. అప్పుడు పెడల్ నేలకు తగిలినా కారు ఆగదు. దిగేటప్పుడు తక్కువ గేరులో రావడం శ్రేయస్కరం.

ఎంపిక ఎలా?
ఉప్పుగాలి వీచే తీర ప్రాంతాల వారికి స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. ఇతర ప్రాంతాల వారికి నాణ్యమైన క్రోమ్ పూత ఉక్కు సరిపోతుంది. ఏ పదార్థమైనా కొలతలు అసలు పిస్టన్‌తో సరిగ్గా కుదరాలి. రెండు ముందు చక్రాలకూ ఒకే రకం అమర్చాలి. పాత పిస్టన్‌ను ఎమెరీ కాగితంతో రుద్ది తిరిగి బిగించడం తగదు. దానివల్ల పూత పోతుంది. సీళ్లను తప్పక మార్చాలి. వాటికి కిరోసిన్, పెట్రోలు, సాధారణ గ్రీజు తగలనివ్వరాదు. తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చుకుంటే ఏ పిస్టన్ అయినా ఎక్కువ కాలం మన్నుతుంది.