జెర్సీకి కంపెందుకు? దాన్ని ఆపేదెలా?

కబడ్డీ ఆడొచ్చి విప్పి పడేసిన పాలిస్టర్ జెర్సీ కాసేపటికే గుప్పుమంటుంది. నూలు బనీను అంతగా కంపు కొట్టదు. ఎందుకు?

చెమటకు మొదట పెద్దగా వాసన ఉండదు. దాన్ని తిని బతికే బ్యాక్టీరియాదే ఆ ఘనకార్యం. నూలు తడిని లోపలికి పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చదు, పైగా ఒంటి జిడ్డును పట్టుకుని వదలదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వ్యాయామం చేసిన 26 మంది టీషర్టులను పరీక్షించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. కంపు పుట్టించే మైక్రోకాకస్ బ్యాక్టీరియా పాలిస్టర్ మీదే జోరుగా పెరిగిందట.

మరి బట్టకు బ్యాక్టీరియాను చంపే మందు పూస్తే కంపు పోదా? పోతుంది. నాలుగు ఉతుకులకు మందు కూడా పోతుంది! అసలు చిక్కు అక్కడే. అందుకే మందును పోగుకు రసాయన బంధంతో కట్టేయాలి.

అలా కట్టేసే పద్ధతుల్లో నాకు భలే నచ్చింది ఎన్-హాలమైన్ పద్ధతి. హైడాంటోయిన్ లాంటి అణువులను ముందు పోగులకు అతికిస్తారు. వాటిలో నైట్రోజన్‌ను అంటుకుని ఒక హైడ్రోజన్ ఉంటుంది. పలుచని బ్లీచ్ నీళ్లలో ముంచితే దాని స్థానంలోకి క్లోరిన్ వచ్చి కూర్చుంటుంది. బ్యాక్టీరియా తగిలిందా, ఆ క్లోరిన్ దాని మీదికి వెళ్లి ప్రొటీన్లను పాడుచేస్తుంది. ఖాళీ అయిన చోటికి మళ్లీ హైడ్రోజన్ చేరుతుంది. క్లోరిన్ తరిగిపోతే ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టినట్టు మళ్లీ బ్లీచ్‌లో ముంచడమే.

అలాగని మీ జెర్సీని ఇంట్లో బ్లీచ్‌లో ముంచేరు! ఆ అణువులు లేని మామూలు బట్టలో క్లోరిన్ అలా నిలిచి ఉండదు, పైగా రంగు పోవచ్చు.