పోయిన ఎడిటింగ్ పని దొరికే దారులు, సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఎడిటింగ్ పని ఒక్క చోట ఉండదు. కెమెరా తీసిన దృశ్యాలు ఒక చోట, వాటిని ఎక్కడ కోయాలి, దేని తరవాత ఏది రావాలి అన్న నిర్ణయాలు మరో చోట ఉంటాయి. రీళ్ల కాలం నుంచీ ఇంతే. ఎడిటర్ మూవియోలా, స్టీన్‌బెక్ అనే ఎడిటింగ్ యంత్రాల మీద కోసేది పాజిటివ్ ప్రింటునే. అసలు నెగెటివ్ ల్యాబ్‌లో ఉండేది. ఎల్.వి.ప్రసాద్ 1976లో మద్రాసులో నెలకొల్పి, తరవాత హైదరాబాద్‌కూ విస్తరించిన ప్రసాద్ ల్యాబ్ అలాంటిదే. కట్ ఖరారయ్యాక, ఫిల్ము అంచున ఉండే నంబర్లు చూసుకుంటూ నెగెటివ్‌ను కోసేవారు. ఎడిటింగ్ రూములో ఒక షాటు చిరిగినా, తప్పుగా తెగినా, మరో ప్రింటు వేయించుకునే దారి ఉండేది.

1989లో మొదటి ఎవిడ్ యంత్రం వచ్చాక ఈ పని కంప్యూటర్‌లోకి మారింది. నేడు హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లోని పెద్ద స్టూడియోలో కోసే సినిమాకైనా, కృష్ణానగర్ సందులోని చిన్న గదిలో కోసే పెళ్లి వీడియోకైనా పద్ధతి ఒకటే. ఫుటేజ్ హార్డ్ డిస్కులో కదలకుండా ఉంటుంది. ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉండేవి ఫలానా క్లిప్ ఫలానా ఫ్రేము నుంచి అన్న సూచనలే. ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే ఫార్మాట్‌లో గంట హెచ్‌డీ ఫుటేజ్ దాదాపు 79 గిగాబైట్లు ఆక్రమిస్తే, దాన్ని కోసిన ప్రాజెక్ట్ ఫైల్ సాధారణంగా కొన్ని మెగాబైట్లకు మించదు. వారాల శ్రమ అంత చిన్న ఫైల్‌లో ఉంటుంది కాబట్టి, దాన్ని రోజూ వేరేచోట దాచడానికి ఖర్చేమీ కాదు.

పని పోయిందనుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఫుటేజ్, ప్రాజెక్టు ఈ రెండింటిలో ఏది పోయిందన్నదే. తెర ఎర్రబడి మీడియా ఆఫ్‌లైన్ అని కనిపిస్తే చాలామంది హడలిపోతారు. చాలాసార్లు ఏదీ పోయి ఉండదు. డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడు విండోస్‌లో డ్రైవ్ అక్షరం మారుతుంది, లేదా ఎవరో ఫోల్డర్ పేరు మారుస్తారు. రీలింక్ ఎంచుకుని క్లిప్పులు ఉన్న చోటు చూపిస్తే టైమ్‌లైన్ మళ్లీ నిండుతుంది.

కరెంటు పోయినా, ప్రోగ్రామ్ మధ్యలో కుప్పకూలినా నష్టపోయేది ప్రాజెక్టే. ప్రీమియర్ ప్రో నిర్ణీత వ్యవధిలో ఆటో-సేవ్ ఫోల్డర్‌లో నకళ్లు పెడుతుంది. ఎవిడ్ మీడియా కంపోజర్‌లో పాత బిన్లు అటిక్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. ఫైనల్ కట్ ప్రో మార్పులు జరుగుతున్నంతసేపూ పావుగంటకోసారి లైబ్రరీ బ్యాకప్ తీస్తుంది, అందులో ఫుటేజ్ మాత్రం ఉండదు. ఇలాంటి నకలును నేరుగా తెరిచి దాని మీదే పని మొదలుపెట్టడం ప్రమాదం. ముందు దాన్ని కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కొత్త పేరు పెట్టి తెరవాలి.

డావిన్సీ రిజాల్వ్ వాడేవారికి అదనపు జాగ్రత్త అవసరం. అందులో ప్రాజెక్టులు విడివిడి ఫైళ్లుగా కళ్లకు కనిపించవు, ప్రోగ్రామ్ సొంత డేటాబేస్‌లో ఉంటాయి. ఫుటేజ్ డిస్కును భద్రపరిచి, కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేసుకుంటే ఫుటేజ్ మిగులుతుంది, కట్ పోతుంది. ప్రాజెక్టును ఎప్పటికప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసి బయట దాచుకోవాలి. సెట్టింగుల్లో ప్రాజెక్ట్ బ్యాకప్ ఆన్‌లో ఉందో లేదో మొదటిరోజే చూసుకోవాలి.

ఫుటేజ్ పోవడం ఇంతకంటే కఠినమైన సంగతి. తిరిగి తీయలేని షాటుకు మెమరీ కార్డే నెగెటివ్. కార్డును పొరపాటున ఫార్మాట్ చేసినా చాలా సందర్భాల్లో దృశ్యాలు వెంటనే చెరిగిపోవు, ఆ జాగా ఖాళీ అని మాత్రం నమోదవుతుంది. దాని మీద కొత్తగా ఏదీ రికార్డు చేయకుండా పక్కన పెడితే, ఫొటోరెక్ వంటి ఉచిత సాధనాలతో చాలావరకు రాబట్టవచ్చు. రాబట్టినవాటిని వేరే డిస్కులోనే పెట్టాలి. ఎస్‌ఎస్‌డీ విషయంలో ఆశ తక్కువ, ఎందుకంటే ట్రిమ్ అనే ఏర్పాటు చెరిపేసిన భాగాన్ని నిజంగానే ఖాళీ చేస్తుంది. రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ తీసేస్తే ఎంపీ4 ఫైల్ సాధారణంగా తెరుచుకోదు. ఫైల్‌కు విషయసూచిక వంటి భాగం చివర్లో రాయడం దానికి కారణం. అదే కెమెరాతో అదే సెట్టింగుల్లో తీసిన మంచి క్లిప్పును నమూనాగా ఇస్తే, అన్‌ట్రంక్ అనే సాధనం కొన్నిసార్లు పాడైన ఫైల్‌ను సరిచేస్తుంది. పెద్ద సినిమాల్లో కార్డును ఖాళీ చేసేముందు కనీసం రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, నకలు అసలుతో సరిపోలిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూస్తారు. చిన్న యూనిట్లు ఈ అలవాటును తప్పక తెచ్చుకోవాలి.

ఏ ప్రోగ్రామ్ ఎంచుకోవాలన్న ప్రశ్నకూ జవాబు పని పోకుండా చూసుకోవడం దగ్గరే మొదలవుతుంది. హంగులకంటే ముందు, చేసిన పని అందులోంచి బయటికి వస్తుందా అని చూడాలి. 2011లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రోను కొత్తగా రాసినప్పుడు, అంతకుముందరి వెర్షన్ 7 ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. ఇతర ప్రోగ్రామ్‌లూ చదవగలిగే ఎక్స్‌ఎంఎల్, ఈడీఎల్ ఫైళ్ల రూపంలో కట్‌ను విడిగా దాచినవారికి మరో ప్రోగ్రామ్‌లోకి వెళ్లే దారి మిగిలింది. విండోస్ మూవీ మేకర్‌కు మైక్రోసాఫ్ట్ 2017లో మద్దతు ఆపేసింది. ప్రీమియర్‌కు చందా కడుతూ ఉండాలి. ఆపేస్తే పాత ప్రాజెక్టు సొంత కంప్యూటర్‌లోనే ఉన్నా తెరవలేరు. ఫైనల్ కట్‌ను ఒక్కసారి కొనుక్కోవచ్చు గానీ అది విండోస్‌లో నడవదు. రిజాల్వ్ ఉచిత వెర్షన్ యూట్యూబ్, షార్ట్ ఫిల్మ్ అవసరాలకు ధారాళంగా సరిపోతుంది, కాకపోతే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. కంప్యూటర్ దానికి తగినదైతే, కొత్తగా మొదలుపెట్టేవారికి అదే మేలు.

తెలుగువారికి మరో పరీక్ష ఉంది. టైటిల్ పెట్టే చోట స్త్రీ, రాష్ట్రం, కర్తృత్వం అని టైప్ చేసి చూడాలి. ఒత్తులు విడిపోతే ఆ ప్రోగ్రామ్‌లో తెలుగు సరిగా అమరలేదని అర్థం. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రాధాన్యతలకు వెళ్లి దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే చాలావరకు చక్కబడుతుంది. అను ఫాంట్లతో చేసిన టైటిళ్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ప్రాజెక్టు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. ప్రాజెక్టుతో పాటు ఫాంట్లనూ దాచాలి, టైటిళ్ల పాఠాన్ని యూనికోడ్‌లో విడిగా ఉంచుకోవాలి.

ఫోన్ యాప్‌లలో చాలావాటి డ్రాఫ్టులు ఆ యాప్ నిల్వలోనే ఉంటాయి, యాప్ తీసేస్తే దానితో పాటే పోతాయి. యాప్ మన చేతిలో లేని కారణంతోనూ దూరం కావచ్చు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు వివావీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఉంది. కైన్‌మాస్టర్ వంటివి ప్రాజెక్టును ఫైల్‌గా బయటికి ఇస్తాయి కాబట్టి కాస్త నయం. ఏ ప్రోగ్రామ్ వాడినా, దాచిన నకలు పనికొస్తుందో లేదో తేలేది మరో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో దాన్ని తెరిచి, టైమ్‌లైన్ మొదటి నుంచి చివరిదాకా నడిపించి చూసినప్పుడే.