ఒక వైపు ఒక సినిమా

కుర్రతనంలో నీకు బాగా నచ్చిన ఆల్బమ్ ఏదని అమెరికాలో పుట్టిన మన పిల్లలు అడిగితే, మా తరం వాళ్లు సినిమా పేరే చెబుతారు. ఘంటసాల భగవద్గీత, ఆయన పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలు, ‘దానవీరశూరకర్ణ’ డైలాగుల క్యాసెట్టు లాంటివి పక్కన పెడితే, 1980లలో, 90లలో తెలుగిళ్లలో మోగిందంతా సినిమా సంగీతమే. ఒక సంగీత దర్శకుడు, చాలాసార్లు ఒకే కవి, ఒకే కథ చుట్టూ అల్లుకున్న ఐదారు పాటలు. ఆల్బమ్‌కి అంతకంటే ఇంకేం కావాలి?

ఆ రోజుల్లో మన అభిరుచిని నడిపించింది క్యాసెట్టు నిడివి. అరవై నిమిషాల టేపులో వైపుకి ముప్ఫై నిమిషాలు. పాట నాలుగున్నర, ఐదు నిమిషాలు. అంటే ఆరు పాటల సినిమా సరిగ్గా ఒక వైపు పడుతుంది. అందుకే కంపెనీలు ఒకే క్యాసెట్టులో రెండు సినిమాలు వేసి అమ్మేవి. మనం డబ్బులు పెట్టేది ముందువైపున్న హిట్టు సినిమాకి. వెనకవైపు ఏముంటుందో మన చేతిలో లేదు. రివైండు కొడితే బ్యాటరీలు దిగిపోతాయని ఇంట్లో కేకలేసేవాళ్లు కాబట్టి, టేపు అయిపోగానే తిప్పి పెట్టేవాళ్లం. అలా వారం కూడా ఆడని సినిమాల పాటలు పల్లవి నుంచి చివరి చరణం దాకా నోటికొచ్చేశాయి. ఆ సినిమాల కథేమిటో నాకు ఇప్పటికీ తెలియదు!

పాటలు సినిమా కంటే ముందే బజారులోకి వచ్చేవి. కథ తెలియకుండా పాటలు వినడంలో ఒక సుఖం ఉంది. 1989లో వచ్చిన ‘గీతాంజలి’ని తీసుకోండి. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. సంగీతం ఇళయరాజా, పాటలన్నీ వేటూరి. సినిమా చూడకముందు విన్నవాడికి అందులో వాన, కొండలు, అల్లరి, లాలి కనిపిస్తాయి. చూశాక మళ్లీ వింటే ప్రతి పాట వెనకా మృత్యువు నిలబడి ఉంటుంది. గుండె చప్పుడునే తాళంగా పెట్టుకున్న బాలు, జానకిల యుగళగీతం అందుకు సాక్ష్యం. నాయకా నాయికలిద్దరికీ ఆయుష్షు లేదని తెలిశాక ఆ చప్పుడు వినిపించే తీరే వేరు. ఆర్కెస్ట్రా అంతా తగ్గి ఆ లయ ఒక్కటే మిగిలే చోట, పాత టేపు మీద వినిపించే సన్నటి ‘స్స్’ శబ్దం కూడా పాటలో భాగమే అనుకునేవాణ్ని.

నన్నడిగితే ఆల్బమ్‌గా ‘గీతాంజలి’ కంటే ‘రుద్రవీణ’ ఒక మెట్టు పైన. బాలచందర్ దర్శకత్వంలో 1988లో వచ్చిన సినిమా. ఆర్థికంగా దెబ్బతింది కానీ, ఇళయరాజాకి జాతీయ అవార్డు తెచ్చింది. చిరంజీవికి బాలు గొంతు అలవాటైన చెవులకి ఏసుదాసు గొంతు మొదట కొత్తగా తగిలింది. సంగీతం శాస్త్రం కోసమా, సాటి మనిషి కోసమా అని తండ్రీ కొడుకుల మధ్య నడిచే వాదమే ఈ కథ. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన పాటలు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ పోతాయి. మధ్యలోంచి ఒక పాట తీసి విడిగా వింటే బాగానే ఉంటుంది. వరసలో వింటే వాదం అర్థమవుతుంది. ఆ కవి ఇంటిపేరుగా మారిన ‘సిరివెన్నెల’ (1986) కూడా ఇలా ఒక్క బిగిన వినవలసిందే. కథానాయకుడు చూపులేని వేణువాద్యకారుడు, అతని కోసం వేణువు పలికించింది హరిప్రసాద్ చౌరాసియా, స్వరాలు కె.వి. మహదేవన్‌వి. సినీకవిగా శాస్త్రిగారిని ఆంధ్రదేశం గుర్తుపట్టింది ఆ పాటలతోనే.

1992లో ‘రోజా’ వచ్చేసరికి మన టేప్ రికార్డర్ల పరువు పోయింది. రెహమాన్ మొదటి సినిమా. ఆ బేసుకి మా టూ ఇన్ వన్ స్పీకరు బర్రుమనేది. తెలుగు పాటలు రాసిన రాజశ్రీని ఇప్పుడు తలుచుకునేవాళ్లు తక్కువ. అరవ పాటకి ఆడిన పెదాలకి, మారని బాణీకి తెలుగు మాట అతికించి, విన్నవాడికి అతుకు కనపడకుండా చేయడం అంత తేలికైన పనేం కాదు. ‘ఘర్షణ’ పాటలు కూడా ఆయనవే.

కవి ఎవరో మాకు తెలిసింది క్యాసెట్టులోని కాగితం మీద చదివే. మడతలు విప్పి పాట, కవి, గాయకులు అని వరసగా చదువుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌లో పాట పెడితే హీరో బొమ్మ కనిపిస్తుంది, కవి పేరు వెతుక్కోవాలి. పాటల్ని విడగొట్టి ఎవరికి తోచిన వరసలో వాళ్లకి వడ్డించడం వల్ల సౌకర్యం పెరిగిన మాట నిజమే. కానీ ‘రుద్రవీణ’ లాంటి దానికి అది అన్యాయం.

సినిమా పాటలెక్కడికీ పోవు, నెట్‌లో భద్రంగా ఉన్నాయి. నా బెంగ మన పెట్టెల్లోని మిగతా టేపుల గురించి. ఊళ్లో రికార్డింగు సెంటర్‌లో పాటల జాబితా ఇచ్చి చేయించుకున్నవి, అమెరికా, గల్ఫ్‌లకి ఉత్తరాలకు బదులు ఇంటివాళ్లు మాటలు నింపి పంపినవి. కొన్న క్యాసెట్టుకి పైనున్న చిన్న రెక్కలు ఉండవు, కాబట్టి దానిమీద రికార్డు అవ్వదు. అయినా ఆ కన్నాల మీద సెల్లోటేపు అతికించి, పాటలయ్యాక మిగిలిన ఖాళీలో ఏదో ఒకటి నింపని ఇల్లు లేదు. నా ‘గీతాంజలి’ క్యాసెట్టు చివర, వెనకవైపు సినిమా అయిపోయాక, మా నాయనమ్మ మంగళహారతి పాడుతుంది. మధ్యలో ఎవరో తలుపు కొడితే “ఉండరా” అని కసిరి, మళ్లీ ఎత్తుకుంటుంది.

కనుక క్యాసెట్ల అట్టపెట్టె పారేసే ముందు ఒక్క శనివారం కేటాయించండి. చవక యూఎస్‌బీ ప్లేయర్ల జోలికి పోకండి, వాటి వేగం నిలకడగా ఉండదు. పాత డెక్ ఒకటి సంపాదించి, హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేపుని ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి పూర్తిగా చుట్టి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి. లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కి కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో వేవ్ ఫైలుగా దాచండి. ఎంపీ3 కాపీ తర్వాత చేసుకోవచ్చు. లోపలి స్పాంజి మెత్త ఊడిపోయి ఉంటే, మరలున్న వేరే పెట్టెలోకి ఆ టేపు మార్చాలి. చేయి తిరిగినవాళ్లు మీ ఊరి తెలుగు సంఘంలో ఉండే ఉంటారు, అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, పాటలైపోయాయని ఆపేయకండి. రెండు వైపులా టేపు చివరిదాకా వినండి.