సర్వే కాగితాలు లేని నివేదిక

డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తయ్యాక విద్యార్థి ఒక ఊరికి వెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి, వివరాలు సేకరించి నివేదిక రాయాలన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 పాఠ్యప్రణాళికతో తెచ్చింది. దాని పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. కళాశాలల్లో సీఎస్‌పీ అంటారు. వ్యవధి 180 గంటలు. రోజూ చేసిన పనిని లాగ్‌బుక్కులో రాసుకోవాలి. మెంటార్‌గా ఉన్న అధ్యాపకులు దానిమీద సంతకం చేయాలి. చివర ప్రిన్సిపాల్ నియమించిన కమిటీ ముందు వైవా, అంటే మౌఖిక పరీక్ష ఉంటుంది.

పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు విద్యార్థుల్లో చాలామందికి సొంత మాటల్లో పేజీలకు పేజీలు రాయాల్సి రావడం ఇదే మొదటిసారి. పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ గైడులోని జవాబును అక్షరం తప్పకుండా రాస్తే మంచి మార్కులు వచ్చేవి. డిగ్రీలో అదే పని గ్రంథచౌర్యం అయింది. ఇతరుల రాతను గానీ సమాచారాన్ని గానీ ఆలోచనను గానీ వాళ్ళ పేరు చెప్పకుండా తనదిగా చూపించడమే గ్రంథచౌర్యం. నిన్నటిదాకా మెచ్చుకున్న పని ఇవాళ ఎందుకు తప్పయిందో వీళ్ళకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? నిందించే ముందు మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

దీనికి భాష తోడైంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియానికి మారింది. కోసిగిలోనో కౌతాళంలోనో ఇంటర్ దాకా తెలుగులో చదివిన అమ్మాయి, ఆదోనిలో ఇంట్లో ఉర్దూనో కన్నడమో మాట్లాడే అబ్బాయి, రైతు తెలుగులో చెప్పిన సంగతిని ఇంగ్లీషులో పెట్టాలి. వాక్యం కుదరనప్పుడు, ఎవరో కుదిర్చి పెట్టిన వాక్యాన్ని తెచ్చుకుంటారు. అంతమాత్రాన తప్పు ఒప్పు కాదు. నివారణ ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలుస్తుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. గ్రంథచౌర్య నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 జూలైలో నిబంధనలు ప్రకటించింది. ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. వరుసగా పద్నాలుగు పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినా లెక్కించరు.

అయితే ఈ నిబంధనలు పీజీ, పరిశోధన స్థాయి సిద్ధాంత వ్యాసాలకూ ప్రచురణలకూ మాత్రమే. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు, వ్యాసాలు, జవాబు పత్రాలు వీటి పరిధిలోకి రావని నిర్వచనంలోనే ఉంది. 2019లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ‘శోధ్‌శుద్ధి’ పేరుతో విశ్వవిద్యాలయాలకు పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌ను అందించింది. దాని ఉద్దేశమూ ప్రధానంగా పరిశోధనే. కాబట్టి డిగ్రీ విద్యార్థి సీఎస్‌పీ నివేదికను ఎలా పరిశీలించాలో కళాశాలే తేల్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటే సరిపోదా అని అడగవచ్చు. అది పనిచేసే తీరు తెలిస్తే జవాబు దొరుకుతుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ సాధారణంగా అర్థాన్ని చదవదు. రాతను చిన్నచిన్న పదగుచ్ఛాలుగా విడగొట్టి, తన దగ్గరున్న కోట్ల పేజీల్లో అవే గుచ్ఛాలు ఎక్కడున్నాయో వెతుకుతుంది. ‘పత్తి ధర నిలకడగా లేకపోవడం రైతును అప్పుల్లోకి నెడుతోంది’ అన్న వాక్యంలో ఏడు పదాలున్నాయి. మూడేసి పదాల చొప్పున తీసుకుంటే అయిదు గుచ్ఛాలు. ఇవే మరోచోట వరుసగా కనిపిస్తే గుర్తు పెడుతుంది.

ఇప్పుడు అదే సంగతిని ‘పత్తికి స్థిరమైన ధర లేక రైతు అప్పులపాలవుతున్నాడు’ అని మార్చి రాద్దాం. ఆలోచన అంతా అరువుదే. రెండు వాక్యాల్లోనూ యథాతథంగా ఉన్న పదం మాత్రం ‘ధర’ ఒక్కటే. తెలుగులో విభక్తులూ క్రియారూపాలూ పదానికే అతుక్కుంటాయి కాబట్టి చిన్న మార్పుతోనే గుచ్ఛాలన్నీ చెదిరిపోతాయి. ఇంగ్లీషు పుస్తకంలోని పేరాను తెలుగులో పెట్టినా, తెలుగు వ్యాసాన్ని ఇంగ్లీషులో పెట్టినా పదగుచ్ఛాల పోలికకు అందవు.

టైపింగులో మరో చిక్కు ఉంది. డీటీపీ కేంద్రాల్లో వాడే అను ఫాంట్లలో మనకు తెలుగు అక్షరం కనిపించినా, కంప్యూటర్ లోపల నిల్వ ఉండేది వేరే సంకేతం. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేతం ఉంటుంది. ఒకే పేరాను అను ఫాంటులో ఒకసారి, యూనికోడ్‌లో ఒకసారి టైపు చేస్తే కంటికి రెండూ ఒకటే. యంత్రానికి వాటి మధ్య పోలికే లేదు. సీఎస్‌పీ నివేదిక తెలుగులో ఉంటే యూనికోడ్‌లోనే ఇమ్మని కళాశాల మొదటిరోజే చెప్పాలి.

యంత్రం ఇచ్చే శాతాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. ఒకే మెంటార్ కింద ముప్పైమంది ఒకే ప్రశ్నావళితో సర్వే చేశారనుకుందాం. ఆ ప్రశ్నలన్నీ ముప్పై నివేదికల్లోనూ ఉంటాయి, శాతం పెరుగుతుంది, అందులో దొంగతనం లేదు. మరొకరి నివేదికలో పోలిక నాలుగు శాతమే, కానీ ఆ నాలుగు శాతం ముగింపు పేరా మొత్తం. అసలు నేరం అక్కడుంది. శాతం చూపించేది ఎక్కడ వెతకాలో మాత్రమే. తీర్పు చెప్పాల్సింది చదివిన మనిషి.

కృత్రిమ మేధతో రాయించిన నివేదికల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మనిషి రాసిందా, యంత్రం రాసిందా చెప్పడానికి ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో ఒక పరికరాన్ని విడుదల చేసింది. సంస్థ సొంత పరీక్షల్లోనే అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుంది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివిగా పొరబడింది. కచ్చితత్వం తక్కువని అదే ఏడాది జూలైలో ఉపసంహరించుకున్నారు. ఆ ఏడాదే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు పరికరాలతో పరీక్షించారు. సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవే అన్నాయి. పరిమితమైన పదసంపద, ఊహించదగిన పదాల కూర్పు ఉంటే ఇవి యంత్రాన్ని అనుమానిస్తాయి. కొత్తగా ఇంగ్లీషులో రాస్తున్న మన పల్లె విద్యార్థి రాత సరిగ్గా అలాగే ఉంటుంది. ఇలాంటి పరికరం మాట పట్టుకుని ఒక్క విద్యార్థిని తప్పుపట్టినా అది అన్యాయం.

కళాశాల చేతిలో అంతకన్నా గట్టి ఆధారాలు ఉన్నాయి. మొదటివి నింపిన సర్వే కాగితాలు. రెండోది లాగ్‌బుక్కు. మూడోది వైవా. నివేదికలోని పట్టికను సర్వే కాగితాలతో సరిచూస్తే నిజం చాలావరకు బయటపడుతుంది. నలభై ఇళ్ళు తిరిగానన్నవారి పట్టికలో కూడిక నలభై ఆరుకు వస్తే, మిగతా ఆరు ఎక్కడివో అడగాలి. మెట్ట ఊరి నివేదికలో రెండు కార్లు వరి పండుతుందని రాసి ఉంటే, ఆ పేరా డెల్టా నుంచి నడిచి వచ్చింది.

పశ్చిమ కర్నూలు వరకు మరో గుర్తు ఉంది. ఇక్కడి పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. వాళ్ళు తిరిగిరాని రోజుల్లో సర్వే చేసినవారికి తాళం వేసిన ఇళ్ళు ఎదురవుతాయి. ముసలివాళ్ళే జవాబులు చెప్పిన ఇళ్ళు తగులుతాయి. ఆ రోజుల తేదీలు వేసి, ప్రతి ఇంట్లో కుటుంబ పెద్ద స్వయంగా జవాబిచ్చాడని రాస్తే, ఆ ఊరు చూసినట్టు లేదు. వైవాలో ‘గ్రామీణ అభివృద్ధి అంటే ఏమిటి’ అని అడిగితే కంఠస్థం చేసిన జవాబు వస్తుంది. ‘మీరు వెళ్ళినప్పుడు ఏ ఇల్లు మాట్లాడనంది, ఎందుకు?’ అని అడిగితే, తిరిగినవాళ్ళు వచ్చీరాని ఇంగ్లీషులోనైనా, తెలుగులోనైనా చెప్పగలుగుతారు.

నివారణ అంతకంటే ముందు, అంశం ఎంచుకునేటప్పుడే మొదలవుతుంది. ‘పారిశుద్ధ్యం ప్రాముఖ్యం’ అని ఇస్తే జవాబులు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన పదిమంది రైతులు ఆ రోజు క్వింటాలుకు ఎంత ఆశించారు, ఎంత వచ్చింది, బండి కిరాయీ హమాలీ ఖర్చూ పోగా చేతికి ఏం మిగిలింది అని ఇస్తే జవాబు ఆ పదిమంది దగ్గరే ఉంది. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం 1938లో పుట్టింది. ఆ చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది. ఈ ఏడాది ఒక వీధిలో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, ఆగిపోయిన మగ్గం ఇంటివాళ్ళు ఇప్పుడు ఏ పని చేస్తున్నారు అన్నది మాత్రం వెళ్ళి అడిగినవారికే తెలుస్తుంది.

రాతను ఒకేసారి చివర్లో తీసుకోకూడదు. మొదటి వారం ప్రశ్నలు, మూడో వారం నింపిన కాగితాలు, ఆ తర్వాత ముసాయిదా, అన్నింటి తర్వాతే తుది ప్రతి చూడాలి. ముసాయిదాను తెలుగులో రాయనివ్వాలి. విషయం తనదని తేలాక ఇంగ్లీషు వాక్యాలను మెంటార్ దగ్గర కూర్చుని దిద్దుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఇందుకు మెంటార్లకు సమయం కావాలి. ఆ సమయాన్ని బోధన గంటలుగా లెక్కకట్టాల్సిన బాధ్యత యాజమాన్యాలదీ ప్రభుత్వానిదీ.

ఇంత చేశాక కూడా నకలు దొరికితే, యూజీసీ నిబంధనల్లోని మొదటి స్థాయి శిక్షే డిగ్రీ విద్యార్థికి తగినది. సున్నా వేసి పంపకుండా, గడువిచ్చి మళ్ళీ అదే ఊరికి పంపాలి.

పాత నివేదికలను బీరువాలో దాచడం వల్ల నకలు ఆగదు, సీనియర్ల దగ్గర ఫైలు దొరుకుతూనే ఉంటుంది. వాటిని గ్రంథాలయంలో ఊరివారీగా అందరికీ అందుబాటులో పెట్టాలి. ఈ ఏటి విద్యార్థి పోయినేటి నివేదికను పేరు చెప్పి ఉటంకించాలనీ, అందులోని పట్టిక పక్కన తన పట్టిక పెట్టి ఏం మారిందో రాయాలనీ నియమం పెట్టాలి. అప్పుడు పెద్దకడబూరులో ఎన్ని కుటుంబాలు సుగ్గికి వెళ్ళాయో వరుసగా అయిదేళ్ళ లెక్క ఆదోనిలోనే, ఆ ఊరి పిల్లల పేర్లతోనే ఉంటుంది.