సుత్తిదెబ్బల యంత్రము

తుపాకి పేల్చినవాని చూపు గుండు వెంట లక్ష్యమువైపు పోవుట సహజమే గాని, అతడు తూటాకై వెచ్చించిన ధనములో పెద్దభాగము మాత్రము లక్ష్యమును చేరక, పొగచూరిన ఇత్తడి కోశమై అతని పాదములచెంతనే పడియుండును. దూసుకొనిపోవు గుండు, దానిని తరుము మందు, ఆ మందునకు నిప్పంటించు ప్రైమరు, ఈ మూటిని పొదివిపట్టు కోశము, ఈ నాలుగును కలిసిననే తూటా. మొదటి మూడును ఒక్క పేలుడుతో వ్యయమైపోవును. నూటికి డెబ్బది పాళ్లు రాగియు ముప్పది పాళ్లు తుత్తునాగమును గలిపి, బిళ్లలుగా కోసి, పలుమారులు సాగదీసి, నడుమనడుమ కాల్చి మెత్తబరచి తయారుచేసిన కోశమో, చదరపు సెంటీమీటరునకు మూడున్నరవేల కిలోగ్రాములకు మించిన ఒత్తిడికి ఉబ్బి, తుపాకిగది గోడల నంటుకొని, వాయువులు వెనుకకు రాకుండ నిలువరించి, ఒత్తిడి తగ్గినంతనే రవంత ముడుచుకొని చెక్కుచెదరక వెలికివచ్చును. దీనిని పారవేయుటకు చేయిరానివారి కొరకు, దీనినే మరల నింపి వాడుకొనుటకై పుట్టినదే ఈ సుత్తిదెబ్బల యంత్రము.

అట్టివారు క్రొత్తవారు కారు. 1870 ప్రాంతముల అమెరికా గడ్డిమైదానములలో బైసను దున్నలను వేటాడి ఆ జాతిని నామావశేషము చేయబూనిన వృత్తివేటగాండ్రు, అంగళ్లకు బహుదూరమున, సీసము కరగించి గుండ్లు పోసికొని పాత కోశములనే నింపుకొనుచుండిరి. 1884లో జాన్ బార్లో కనెక్టికటు రాష్ట్రమందలి న్యూ హేవెనులో ఐడియల్ సంస్థను స్థాపించి, పట్టుకారు ఆకృతిగల చేతిసాధనములను అమ్మసాగెను.

అంతకుముందే ఒక చిన్న రంధ్రము ఈ కథ నడకను నిర్ణయించియుండెను. 1866 ప్రాంతమున అమెరికా సైనికోద్యోగి హైరం బెర్డానును, ఆంగ్ల సైనికోద్యోగి ఎడ్వర్డ్ బాక్సరును వేర్వేరుగ ప్రైమర్లను కల్పించిరి. నిప్పు మందును చేరుటకు బెర్డాను పద్ధతిలో కోశపు అడుగున ప్రక్కగా రెండు సన్న రంధ్రములుండగా, బాక్సరు పద్ధతిలో నట్టనడుమ ఒక్కటే యుండును. విధివిలాసమేమో గాని, అమెరికనుని పద్ధతి ఐరోపా సైన్యములకును, ఆంగ్లేయుని పద్ధతి అమెరికా విపణికిని చేరినవి. నడుమ రంధ్రమున్నచో కోశపు మూతినుండి సూదిని దింపి, కాలిన ప్రైమరును ఒక్క పోటుతో వెడలగొట్టవచ్చును. రెండు రంధ్రములున్నచో ఆ సూదికి దారిలేదు. అమెరికాలో ఈ పొదుపు సామాన్యునికి అందుటకు ఇదియొక ముఖ్యకారణము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్రభుత్వమునకు అక్కరలేక మిగిలిన రైఫిలుమందును కాన్సాసు వాసి బ్రూస్ హాడ్జ్‌డన్ కొని, చౌకగా చిల్లరకు అమ్మసాగెను. మందు చౌకయైనను సాధనములు చౌక కాలేదు. బల్లకు బిగించు ప్రెస్సు, తూటాకొలతకొక అచ్చు, త్రాసు, మందుకొలత పరికరము, ఇన్నియు సమకూడినగాని మొదటి తూటా సిద్ధము కాదు. ఏడాదికి రెండు పెట్టెల తూటాలు కాల్చు వేటగానికి ఇది అప్పుచేసి చేయు పొదుపే యగును. 1958లో విస్కాన్సిన్ వాసి రిచర్డ్ లీ తన యింటి పనిశాలలో రూపొందించిన లీ లోడరు ఈ చిక్కును విప్పెను. తొలుత షాట్‌గన్ తూటాలకు మాత్రమే పనికివచ్చిన ఆ సాధనము పిదప రైఫిళ్లకును పిస్తోళ్లకును విస్తరించెను. చిన్న పెట్టెలో కొన్ని లోహపు ముక్కలు, ఒక చెంచా, అంతే. ప్రెస్సు మీట చేయు పనిని సుత్తి చేయును. ఆ సుత్తినైనను కొనువాడే తెచ్చుకొనవలెను.

ప్రెస్సును లీ ఎట్లు విడిచిపెట్టగలిగెననుటయే ఆలోచింపదగిన విషయము. పేలుడువేళ కోశము ఆ తుపాకిగది కొలతకే సరిగా ఉబ్బియుండును గదా; అదే తుపాకిలో మరల వాడదలచినచో దేహమును కుదింపనక్కరలేదు, గుండును బిగువుగ పట్టుటకు మెడనొక్కదానిని బిగించిన చాలును. అంత స్వల్పకార్యమునకు కొయ్యసుత్తి దెబ్బలే చాలును. పాత ప్రైమరును కడ్డీతో రాల్చి, కోశమును ఉక్కుగొట్టములోనికి కొట్టి, క్రొత్త ప్రైమరుపైకి దానిని వెలికికొట్టి, చెంచాతో మందుపోసి, గుండును జారవిడిచి, తుది దెబ్బతో లోతునకు దింపుటతో పని ముగియును. ప్రైమరు సుత్తిదెబ్బకే పేలుటయు అప్పుడప్పుడు కలదు. కావున కండ్లకు అద్దములుండుట, మందుడబ్బా దూరముననుండుట అవశ్యము.

చెంచా సంగతి కొంత సూక్ష్మమైనది. మందును గ్రెయినులలో తూచుట ఆచారము. పౌనునకు 7000 గ్రెయినులు. మన కంసాలుల గురివిందగింజ యెత్తు రెండు గ్రెయినులకు రవంత తక్కువ. నల్ల తుపాకిమందు కాలమున పరిమాణముచే కొలిచినను అంతగా ముప్పుండెడిది కాదు. 1884లో ఫ్రాన్సున పాల్ వియెయ్ పొగలేని మందును కనుగొన్న పిమ్మట, నల్ల తుపాకిమందు పాత్రనే దీనికిని వాడినవారి తుపాకులు బ్రద్దలైనవి. ప్రతి మందునకును సాంద్రత వేరు, దహనవేగము వేరు. కనుక తయారీదారు పట్టికలో పేర్కొనిన మందునకు పేర్కొనిన చెంచాయే చెల్లును. రెండుమారులు పోయుట అన్నిటికంటె ఘోరమైన పొరపాటు.

ఇత్తడియు చిరంజీవి కాదు. మాటిమాటికి ముడిచి విప్పుటచే మెడ గట్టిపడి చిట్లును. మెడను మితముగ వేడిచేసినచో మెత్తబడి మరికొంతకాలము నిలుచును. ఇత్తడికి వేరొక వ్యాధియు కలదు. దాని చరిత్రలో మన దేశమునకు చోటున్నది. ఆంగ్లప్రభుత్వకాలమున వానకారు రోజులలో గుఱ్ఱపుసాలలయందు దాచిన తూటాలు, ఎవరును తాకకయే పగుళ్లు బారుచుండెను. సాగదీతవలన లోహమున మిగిలియున్న బిగువును, గుఱ్ఱపు మూత్రమునుండి వెలువడు అమ్మోనియాయు తోడైననే ఈ పగులు కలుగునని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ అను పరిశోధకులు వివరించిరి. కోశములను తళతళలాడించుటకు అమ్మోనియా కలసిన పాలిషును వాడరాదని తూటాలు నింపువారు నేటికిని హెచ్చరించుకొనుట ఇందువలననే.

మన దేశమున అనుమతిలేక తూటాలు తయారుచేయుట 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి నేరము. అమెరికాలోనైనను లీ సాధనము అందరికి చాలదు. స్వయముగ తూటాలను లోనికి లాగుకొను తుపాకులలో మెడమాత్రము బిగించిన కోశము ఇరుకుకొనవచ్చును. ఒకని తుపాకిలో ఉబ్బిన కోశము వేరొకని తుపాకిలో పట్టకయు పోవచ్చును. అట్టివారు ప్రెస్సు కొనక తప్పదు. వారికై విస్కాన్సిన్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డులోని లీ సంస్థయే ప్రెస్సులను కూడ తయారుచేసి అమ్ముచున్నది.