రెజ్యూమెలో ఆన్‌లైన్ కోర్సుకు చోటెప్పుడు?

ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లల రెజ్యూమెలు ఇప్పుడు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటున్నాయి. చదువు, మార్కులు, ఒక మినీ ప్రాజెక్టు, ఆ కింద సర్టిఫికేషన్స్ అంటూ పది పన్నెండు పేర్లు. పైథాన్, క్లౌడ్, డిజిటల్ మార్కెటింగ్, సైబర్ సెక్యూరిటీ అన్నీ ఒకే వరసలో. ఏదో ఒకటి పనికొస్తుందన్న ఆశతో వేసినవే అవన్నీ. కానీ ఇన్ని పేర్లు చూసిన హెచ్ఆర్‌కు, ఈ అభ్యర్థికి ఏ పని మీద మనసుందో అర్థం కాదు. కోర్సు పేరు ఒక్కటే ఏమీ రుజువు చేయదు. దాని వెనక గట్టి పరీక్షో, సొంతంగా చేసిన పనో ఉన్నప్పుడే దానికి రెజ్యూమెలో చోటివ్వాలి.

కోర్సు పూర్తిచేయడం చిన్న విషయమని నేననను. 2012లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎడెక్స్ మొదలైనప్పుడు హార్వర్డ్, ఎంఐటీలు పెట్టిన తొలి కోర్సుల్లో 8.41 లక్షల నమోదులు జరిగితే, సర్టిఫికెట్ దాకా వచ్చినవి 43 వేల పైచిలుకే. చివరిదాకా నిలవడానికి పట్టుదల కావాలి. చిక్కల్లా రెజ్యూమె చదివేవాళ్లకు ఆ పట్టుదల కనిపించకపోవడమే. చాలా కోర్సుల్లో క్విజ్ తప్పితే మళ్లీ రాయొచ్చు, పక్కన ఎవరున్నారో చూసేవాళ్లుండరు. రాత్రులు కూర్చుని నేర్చుకున్నవాడికీ, వీడియోలు పరుగెత్తించినవాడికీ ఒకే కాగితం వస్తుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ పద్ధతి వేరు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, మిగతా 75 పరీక్ష కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రాకపోతే సర్టిఫికెట్ లేదు. మొత్తం 60 వస్తే ఎలైట్, 75 వస్తే దానికి సిల్వర్ తోడవుతుంది. అందుకే 'ఎన్‌పీటెల్, డేటా స్ట్రక్చర్స్, 12 వారాలు, 78 మార్కులు, ఎలైట్ సిల్వర్' అన్న ఒక్క వరస పది పేర్లకన్నా బరువైనది.

అలాంటి పరీక్ష లేని కోర్సుకు పనే సాక్ష్యం. డేటా అనాలిసిస్ నేర్చుకున్న విద్యార్థి, ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో దొరికే గుంటూరు మిర్చి యార్డు ధరలు రెండేళ్లవి తీసుకుని, ఏ నెలలో ధర పడిందో గ్రాఫు గీసి, గిట్‌హబ్ లింకు ఇచ్చాడనుకోండి. ఇంటర్వ్యూలో ప్రశ్న దాని మీదే వస్తుంది. సెలవు రోజుల ఖాళీలను ఏం చేశావు, రకాలన్నిటినీ కలిపావా, విడదీశావా? చేసినవాడు తడుముకోకుండా చెబుతాడు. కోర్సు పేరు ఆ ప్రాజెక్టు కింద చిన్నగా ఉంటే చాలు.

రెజ్యూమెను ముందు సాఫ్ట్‌వేర్ వడపోస్తుంది కదా, పేర్లు ఎక్కువుంటేనే గట్టెక్కుతాం కదా అని అడుగుతారు. వడపోత నిజమే. అయితే అది సాధారణంగా వెతికేది ఉద్యోగ ప్రకటనలోని పదాలను. అవి స్కిల్స్‌లోనూ ప్రాజెక్టు వివరంలోనూ ఉన్నా దొరుకుతాయి. వడపోత దాటాక చదివేది మనిషే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. చిన్న ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్‌లు దొరకవు, సిఫారసు చేసేవాళ్లుండరు; ఫోన్‌లో చేసిన కోర్సే వాళ్లకున్న ఆధారం, దాన్నీ తీసేయమంటే ఎలా? తీసేయమని కాదు, ఏరుకోమంటున్నాను. సీఎస్ఈ విద్యార్థి సీ లాంగ్వేజ్ పరిచయ కోర్సు రాస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు, అది అతని సిలబస్‌లోనే ఉంది. బీకాం చదివిన అమ్మాయి ఎక్సెల్ కోర్సు రాస్తే అది కొత్త సమాచారం. ఆమె తన వీధిలోని కిరాణా కొట్టు నెల లెక్కలు అడిగి తీసుకుని, అమ్మకాలు, బాకీలు, జీఎస్టీ విడివిడిగా కనిపించేలా ఒక షీటు తయారుచేసి, ఆ సంగతి రెండు వరసల్లో రాస్తే, అకౌంట్స్ ఉద్యోగానికి మనిషిని వెతికే యజమాని ఆ షీటు తెరిచి చూపించమంటాడు.